జుర్రితేనే రుచి

టోకియోలో మా తమ్ముడు ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకు వాడి దగ్గరకు వెళ్ళిన మొదటి రాత్రే, "అన్నయ్యా, ఇవాళ వంట లేదు. రామెన్ తిందాం పద" అని వీధిలోకి లాక్కుపోయాడు. తీరా చూస్తే అది హోటలా, వంటిల్లా అని నాకు అనుమానం వచ్చింది. గుమ్మానికి అడ్డంగా ఎర్రగుడ్డ తెర. లోపల పొడుగాటి బల్ల ఒకటి, దాని ముందు తొమ్మిదే తొమ్మిది ఎత్తు పీటలు. బల్లకు అవతల పొయ్యి, ఆవిరి, ఒక ముసలాయన, ఆయన భార్య. అంతే! బయట మాత్రం మాకు ముందు ఆరుగురు వరుసలో నిలబడి వున్నారు.

గుమ్మంలోనే ఒక యంత్రం వుంది. డబ్బు వేసి కావలసిన దాని మీట నొక్కితే చీటీ రాలుతుంది. ఆ చీటీ బల్లమీద పెడితే చాలు. బేరం లేదు, బిల్లు లేదు, బక్షీసు అసలే లేదు. మీటలమీద అంతా వాళ్ళ లిపే. వెనక జనం నిలబడి వుండేసరికి నాకు కంగారు పుట్టి ఏదో ఒకటి నొక్కేశాను. ఒక్క ఉడికించిన గుడ్డుకు చీటీ వచ్చింది. "గుడ్డుకోసం ఇంత దూరం వచ్చావా అన్నయ్యా?" అని మావాడు నవ్వి, నాకు కోడిరసం రామెన్ చీటీ తనే తీశాడు.

రామెన్ అంటే వేడి రసంలో వేసిన గోధుమ నూడిల్సు. పిండిలో కాన్‌సుయి అనే క్షారజలం కలుపుతారు. ఆ పసుపు రంగూ, పంటికింద సాగే గుణమూ దానివల్ల వచ్చినవే. కాని కష్టమంతా రసం దగ్గరే వుంది. కోడి ఎముకలో, పంది ఎముకలో, ఎండుచేపలో గంటల తరబడి మరగాలి. ఊరికొక తీరు. ఉత్తరాన సప్పోరోలో మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలుపుతారు. దక్షిణాన క్యూషూ దీవిలో పంది ఎముకలను రసం పాలలాగ తెల్లబడేదాకా మరిగిస్తారు. శాకాహారులకు ఒక హెచ్చరిక: పైన ఉత్త కూరగాయలే కనబడినా అడుగున ఎముకల రసం వుండవచ్చు, అడగనిదే ముట్టవద్దు. పూర్తి శాకాహార రామెన్ వండేవాళ్ళు టోకియోలో వున్నారు గాని, వెతుక్కోవాలి.

గిన్నె వచ్చింది. అటూ ఇటూ అందరూ జుర్రుమంటూ లాగుతున్నారు. చిన్నప్పుడు చారు జుర్రితే "ఏమిటిరా ఆ చప్పుడు?" అని మా నాయనమ్మ కసిరేది. ఆ అలవాటుకొద్దీ నేను మర్యాదగా నములుతూ కూర్చున్నాను. "జుర్రు అన్నయ్యా! ఆలస్యమైతే నాని చెడిపోతుంది" అన్నాడు మావాడు. జుర్రితే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది. అక్కడ అది తప్పు కాదు. మొదట నోరు కాలింది. నాలుగో పట్టుకు విద్య పట్టుబడింది.

ఇంతా చేసి ఇది జపానువారి సొంత వంట కాదు, చైనానుంచి వచ్చింది. 1910లో టోకియోలోని అసాకుసాలో రైరైకెన్ అనే దుకాణం తెరిచి, యొకొహామా చైనాపేట నుంచి వంటవాళ్ళను తెచ్చి పెట్టారు. 1945లో యుద్ధం ముగిసేసరికి దేశంలో బియ్యం కరువు. అమెరికా గోధుమలు దిగాయి. దొంగ బజార్లలో ఈ గిన్నెకోసం చలిలో బారులు తీరిన జనాన్ని ఒసాకాలో చూసిన అందో మొమొఫుకు, 1958లో వేడినీళ్ళు పోస్తే తయారయ్యే రామెన్ కనిపెట్టాడు. మన పిల్లలు మారాం చేసి వండించుకొనే నూడిల్సు పొట్లాం ఆ వంశంలోదే.

అలా ఆకలిలో పెరిగిన తిండి గనుక, బీదవాడికి అందాలని అక్కడ ఒక పట్టుదల. గిన్నె ధర వెయ్యి యెన్లు దాటితే జనం రారని దుకాణదారుల భయం. దానికి 'వెయ్యి యెన్ల గోడ' అని పేరు కూడా పెట్టుకొన్నారు. మన డబ్బులో అది ఆరువందల రూపాయలకు కాస్త అటూ ఇటూ. గోధుమలు చాలావరకు పరదేశాలవి. గ్యాసు, ఎముకలు, కూలి అన్నీ పెరిగాయి. 2024లో దివాలా తీసిన రామెన్ దుకాణాలు అంతకుముందు ఏ ఏటికన్నా ఎక్కువట. మేము కూర్చున్నచోట గోడకు చేతివ్రాత కాగితం ఒకటి అంటించి వుంది. మావాడు చదివి చెప్పాడు: "వచ్చే నెలనుంచి ధర 950 యెన్లనుంచి 1050 చేయక తప్పడం లేదు. ఎంతో ఆలోచించాము. మన్నించండి."

ఆ ముసలాయన కేసి చూశాను. తల ఎత్తకుండా జల్లెడలోని నూడిల్సు నీరు దులుపుతున్నాడు. వంద యెన్లకు అంత క్షమాపణా అనిపించింది. కాని రోజూ వచ్చేవాడికి, పెట్టేవాడికి కూడా అది వంద కాదు కాబోలు.

పావుగంటలో అయిపోయింది. అక్కడ తిన్నాక కబుర్లు చెబుతూ కూర్చోకూడదు, బయట వరుస పెరుగుతున్నది. తమ్ముడు గిన్నెను బల్ల పైగట్టున పెట్టి, తడిగుడ్డతో తన ముందు తుడిచి, 'గొచిసోసమా' అన్నాడు. చక్కటి భోజనం పెట్టారని దాని అర్థం. నేనూ తుడిచి, వచ్చీరాని ఆ మాటే అన్నాను. ముసలావిడ నావంక చూసి నవ్వుతూ ఏదో అడిగింది.

"ఏమంటున్నదిరా?" అన్నాను.

"గుడ్డు బాగున్నదా అని అడుగుతోంది."