పుదుచ్చేరి గోడ తెర మీద ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తుంది? డిజిటల్ కుంచెను మలచుకోవడం ఎలా?

పుదుచ్చేరి పట్టణంలో కాలువకు తూర్పున, సముద్రం వైపు ఉన్న పాత ఫ్రెంచి వీధులు బొమ్మలు వేసేవారికి ఇష్టమైన చోటు. ర్యూ ద్యూమా, ర్యూ రోమా రోలా వంటి వీధుల్లో ఎత్తైన పసుపు గోడలు, వాటికి తెల్లటి అంచులు, పైనుంచి వాలిన కాగితంపూల తీగలు కనిపిస్తాయి. పాత గోడల అందం రంగులో కన్నా పైపూతలో ఎక్కువ. సున్నపు పూత మీద వేసిన రంగు ఉప్పుగాలికీ వానలకూ పొరలుగా లేస్తుంది. ఊడిన చోట కింద తెల్లటి సున్నం, ఇంకా లోతుగా ఊడితే ఎర్రటి ఇటుక బయటపడతాయి.

అదే గోడను టాబ్లెట్ మీద మామూలు గుండ్రటి బ్రష్‌తో వేస్తే నున్నటి ప్లాస్టిక్ రేకులా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు తమ చేతిలోనే లోపం ఉందనుకుంటారు. చాలాసార్లు లోపం కుంచెలో ఉంటుంది.

ముద్ర వేసే కుంచె, గీసే కుంచె

డిజిటల్ పెయింటింగ్‌లో మామూలు బ్రష్ గీత గీయదు, ముద్ర వేస్తుంది. ఒకే ఆకారాన్ని దగ్గరదగ్గరగా వరసగా అచ్చు వేస్తే కంటికి గీతలా అనిపిస్తుంది. ప్రతి ముద్రా ఒకేలా ఉంటుంది కాబట్టి ఫలితం నున్నగా ఉంటుంది.

బ్రిసిల్ బ్రష్, అంటే వెంట్రుకల కుంచె, పనిచేసే తీరు వేరు. అందులో కుంచెను విడివిడి వెంట్రుకల కట్టగా లెక్కిస్తారు. ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ స్ట్రాస్‌మన్ 1986లో ‘హెయిరీ బ్రషెస్’ అనే పరిశోధన పత్రంలో జపాన్ సిరా చిత్రాల పద్ధతిని కంప్యూటర్‌లోకి తెచ్చే దారి చూపారు. అందులో ఒక్కో వెంట్రుకకు సొంత స్థానం, సొంత సిరా ఉంటాయి. సిరా అయిపోయిన వెంట్రుక దారి మధ్యలోనే ఆగిపోతుంది, మిగిలినవి సాగుతాయి. ఎండిన కుంచెలా చారలు పడేది అందుకే. సామాన్య వాడకందారులకు ఈ తరహా కుంచెలను బాగా పరిచయం చేసింది 2010లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్5.

ఏ మీట ఏం చేస్తుంది?

ఫొటోషాప్‌లో బ్రిసిల్ కుంచె ఎంచుకోగానే కొన్ని స్లైడర్లు కనిపిస్తాయి. వాటిని అసలు కుంచెలతో పోల్చుకుంటే అర్థం సులువు. నూనె రంగులకు వాడే పంది వెంట్రుకల కుంచె బిరుసుగా ఉండి చారలు వదులుతుంది. నీటి రంగులకు వాడే సేబుల్ కుంచె మెత్తగా వంగి, కొసన మళ్లీ మొనదేలుతుంది.

‘బ్రిసిల్స్’ వెంట్రుకల ఒత్తుదనాన్ని నిర్ణయిస్తుంది. తగ్గిస్తే చారల మధ్య సందులు పెరుగుతాయి. ‘లెంగ్త్’ వెంట్రుక పొడవు, ‘థిక్‌నెస్’ ఒక్కో వెంట్రుక లావు. ‘స్టిఫ్‌నెస్’ బిరుసుదనం: తక్కువగా ఉంటే కుంచె సులభంగా వంగి పరుచుకుంటుంది, ఎక్కువగా ఉంటే ఆకారం నిలుపుకుంటుంది. ‘స్పేసింగ్’ ముద్రల మధ్య దూరం. అది పెరిగితే గీత తెగిపోతుంది. వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది కుంచె మొన: గుండ్రనిదా, చదునైనదా, విసనకర్రలా విచ్చుకున్నదా అని.

మౌస్‌తో వేస్తే వీటి ఫలితం సగమే కనిపిస్తుంది. ఒత్తిడిని పట్టే స్టైలస్ ఉంటే గట్టిగా నొక్కినప్పుడు వెంట్రుకలు విచ్చుకుంటాయి. వంపును కూడా పట్టే స్టైలస్ అయితే కుంచె పక్కకు వాలుతుంది.

గోడకు మూడు కుంచెలు

పుదుచ్చేరి గోడను ఉదాహరణగా తీసుకుంటే ఒక్క కుంచె చాలదు. మూడు కావాలి. మొదటిది ఒత్తుగా, మెత్తగా ఉండే చదును కుంచె. దీనితో అడుగున ఇటుక ఎరుపు పరుస్తారు. రెండోది అసలైనది: వెంట్రుకలు పాతిక శాతం దగ్గర, పొట్టిగా, బిరుసు ఎనభై శాతం దాకా. దీనితో ఇటుక మీద సున్నపు తెలుపు, దాని మీద పసుపు, తేలిక ఒత్తిడితో లాగాలి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, ఆపైన చేతిని బట్టి మారతాయి. మూడోది పొడవైన, మెత్తని, మొనదేలిన గుండ్రటి కుంచె. తీగలకూ కిటికీ అంచులకూ ఇది.

అసలు గోడ మీద పొరలు ఏ వరసలో ఉన్నాయో బొమ్మలోనూ అదే వరస. గరుకుదనాన్ని పుట్టించేది కుంచె వేసిన రంగు కన్నా అది వేయకుండా వదిలిన సందులే. ఆ సందుల్లోంచి కింది పొర కనిపించినప్పుడే గోడకు వయసు వస్తుంది.

కాన్వాస్ కొలత కూడా ముందే తేల్చుకోవాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎ4 కాగితం మీద అచ్చు వేయాలంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి. చిన్న కాన్వాస్ మీద సరిచేసుకున్న కుంచె అంత పెద్దదాని మీద సన్నగా, బలహీనంగా కనిపిస్తుంది.

ఖర్చు లేని దారి

ఫొటోషాప్‌కు చందా కట్టాలి. ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ క్రిటాలోనూ ప్రత్యేక బ్రిసిల్ ఇంజిన్ ఉంది. అక్కడ కుంచె మొనగా ఇచ్చే చిత్రమే వెంట్రుకలు ఎక్కడ ఉండాలో చెబుతుంది. చిత్రంలో పలుచగా ఉన్న చోట వెంట్రుకా పలుచని రంగే వదులుతుంది. ‘ఇంక్ డిప్లీషన్’ ఆన్ చేస్తే గీత సాగేకొద్దీ రంగు తరుగుతుంది. స్ట్రాస్‌మన్ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టమే.

ఇల్లస్ట్రేటర్ వాడేవారికి మాత్రం ఒక జాగ్రత్త. అందులో బ్రిసిల్ గీతలు పారదర్శక పొరలుగా పేరుకుంటాయి. ముప్పైకి మించితే అచ్చు వేసేటప్పుడు, దాచేటప్పుడు సాఫ్ట్‌వేరే హెచ్చరిస్తుంది.

కొనడమా, కట్టుకోవడమా?

వందల కుంచెల ప్యాకులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇబ్బందల్లా, ఒకే ప్యాకు వాడే అందరి గోడలూ ఒకే తీరుగా పెచ్చులూడతాయి. పుస్తకాల ముఖచిత్రాలు, ఆటల నేపథ్యాలు వేసి బతికేవారికి ఇది అభిరుచి విషయం మాత్రమే కాదు. పని ఇచ్చేవారు ఒక చిత్రకారుణ్నే వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ చేతి ముద్రే. అది అందరి దగ్గరా ఉన్న ప్యాకులో దొరకదు.

తెలుగు నేలకు ఇది కొత్త పాఠం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు వెదురు పుల్లను చెక్కి, ఉన్ని చుట్టి, దారంతో బిగించి కలం తయారు చేసుకుంటారు. గీతలకు సన్నమొన, రంగు నింపడానికి మొద్దుమొన. ఉన్ని ఎంత చుట్టాలో, ఎంత నొక్కితే రంగు ఎంత దిగుతుందో వేసే చేతికే తెలుస్తుంది. తెర మీది స్లైడర్లకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఒకసారికి ఒక్క మీటనే మార్చి, అదే గీతను మళ్లీ గీసి, నచ్చినదాన్ని ‘సున్నం పొడి’, ‘తీగ మొన’ వంటి సొంత పేర్లతో దాచుకుంటే, ఆ డజను కుంచెలే కొన్న ప్యాకు కన్నా ఎక్కువ పనికొస్తాయి.