ఉపగ్రహ సముద్ర పరిశీలన: ఉపరితలం నుంచి లోతుల అంచనా

ఉపోద్ఘాతం

నౌక తానున్న చోటనే సముద్రాన్ని కొలవగలదు. ఉపగ్రహం కొద్ది రోజుల్లోనే మహాసముద్రాలన్నింటినీ పరిశీలించగలదు. 1978లో అమెరికా ప్రయోగించిన సీశాట్ మూడు నెలలకు పైగా మాత్రమే పనిచేసినా, అలల ఎత్తును, గాలి వేగాన్ని, సముద్రమట్టాన్ని రాడార్‌తో అంతరిక్షం నుంచి కొలవవచ్చని నిరూపించింది. సముద్ర అధ్యయనమే ప్రధాన లక్ష్యంగా భారతదేశం రూపొందించిన తొలి ఉపగ్రహం ఓషన్‌శాట్-1. దానిని 1999 మే 26న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. అయితే ఉపగ్రహ సంవేదకాలు నమోదు చేసేది వికిరణాన్ని మాత్రమే. సముద్ర లక్షణాలను దాని నుంచి రాబట్టవలసి ఉంటుంది. ఈ ప్రక్రియకు గల పరిమితులను బంగాళాఖాతం స్పష్టంగా చూపుతుంది.

సంవేదకాలు - కొలతలు

వృక్ష ప్లవకాల్లోని పత్రహరితం నీలికాంతిని అధికంగా శోషిస్తుంది. అందువల్ల నీటి నుంచి వెలువడే నీలి, ఆకుపచ్చ కాంతుల నిష్పత్తిని బట్టి పత్రహరిత సాంద్రతను లెక్కిస్తారు. కానీ సంవేదకాన్ని చేరే దృశ్యకాంతిలో దాదాపు 90 శాతం వాతావరణం వెదజల్లినదే. దానిని తొలగించిన తరువాతనే సముద్రపు వర్ణం తెలుస్తుంది. గోదావరి ముఖద్వారం వంటి చోట్ల ఒండ్రు కూడా నీటి రంగును మార్చడం వల్ల ఈ లెక్క తప్పే అవకాశం ఉంది.

పరారుణ సంవేదకం తెలిపే ఉష్ణోగ్రత మిల్లీమీటరులో వందో వంతు మందం గల పైపొరది. మేఘాలు కమ్మినప్పుడు అదీ లభించదు. మైక్రోవేవ్ మేఘాలను దాటి వస్తుంది గాని, సూక్ష్మ వివరాలను చూపలేదు.

బంగాళాఖాతం: పైపొర, లోపొర

గంగా, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి వంటి నదుల మంచినీరు బంగాళాఖాతంపై తేలికైన పొరగా పరచుకుంటుంది. దాని కింద వెచ్చని ఉప్పునీరు నిలిచి ఉన్నప్పుడు, తుఫాను నీటిని కలచినా అడుగునున్న చల్లని నీరు సులభంగా పైకి రాదు. ఫలితంగా తుఫానుకు ఉష్ణశక్తి అందుతూనే ఉంటుంది. ఉపరితల ఉష్ణోగ్రత ఒక్కటే ఈ స్థితిని వెల్లడించలేదు.

ఇక్కడ ఆల్టిమీటరు తోడ్పడుతుంది. రాడార్ స్పందన సముద్రాన్ని తాకి తిరిగివచ్చే కాలం నుంచి దూరాన్ని లెక్కించి, కక్ష్య ఎత్తు నుంచి తీసివేస్తే సముద్రమట్టం వస్తుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది కనుక, మట్టంలోని సెంటీమీటర్ల తేడా నుంచి లోపలి ఉష్ణ నిల్వను అంచనా వేయవచ్చు. 2013లో ప్రయోగించిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్ ఇటువంటి కొలతలనే అందించింది. అయితే మంచినీరు కూడా మట్టాన్ని పెంచుతుంది. అందువల్ల 2000 మీటర్ల లోతు వరకు దిగి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచే ఆర్గో తేలియాడు పరికరాలతో ఈ అంచనాలను సరిపోల్చడం తప్పనిసరి.

ముగింపు

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరిత సమాచారాల ఆధారంగా చేపలు లభించే ప్రాంతాలను మత్స్యకారులకు సూచిస్తోంది. జీవనోపాధికి, తుఫాను హెచ్చరికకు ఈ సమాచారమే ఆధారమైనప్పుడు, క్షేత్రస్థాయి కొలతలతో దానిని నిరంతరం సరిచూడటం పరిశోధనలో విడదీయరాని భాగమవుతుంది.