గడియారం 2009 దగ్గర ఆగింది

నాలుగేళ్ల తర్వాత స్విచ్ వేస్తే ఆ కంప్యూటర్ చూపించిన తేదీ 1 జనవరి 2009. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కరెంటు తీసేసినా గడియారాన్ని నడిపించేది ఆ 3 వోల్టుల బిళ్లే. అది పోతే యంత్రం తయారీదారు రాసిపెట్టిన తేదీ దగ్గర్నుంచి లెక్క మళ్లీ మొదలుపెడుతుంది.

బచ్చన్నపేటలో మా అక్కవాళ్లింట్లో బియ్యం డ్రమ్ముకూ గోడకూ మధ్య పడి ఉన్న పెట్టె అది. 2010లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, అక్కడే బిగించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అప్పటికి బచ్చన్నపేటది వరంగల్ జిల్లా; జనగామ జిల్లాలోకి వచ్చింది 2016 అక్టోబరు 11న. లోపల ఇంటెల్ కోర్ 2 డుయో ఈ7500 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్కు.

"పాత సామాన్లాయనకు ఇచ్చేద్దామా తమ్మీ?" అంది అక్క. పదో తరగతి చదువుతున్న మేనకోడలు మాత్రం దాని ముందే కూర్చుంది. "మామా, ఇగ ఇది నడుస్తదా?"

కంప్యూటర్ ముసలిదై నెమ్మదించిందని అందరం అంటాం. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చదు. ఈ7500లో 22 కోట్ల 80 లక్షల ట్రాన్సిస్టర్లున్నాయి. కొన్ననాడు దాని గడియారం సెకనుకు 293 కోట్ల సార్లు కొట్టుకునేది, నేడూ అంతే. ఫ్యాన్‌కు దుమ్ము పడుతుంది, వేడిని లాగే పేస్టు ఎండుతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి, హార్డ్ డిస్కు అరుగుతుంది. వీటిలో చాలావాటిని తుడిచో మార్చో బాగుచేయొచ్చు. మారిపోయింది దాని మీద మోపిన బరువు. కొత్త ప్రోగ్రాములకు 2 జీబీ ర్యామ్ చాలదు. చాలనప్పుడు కొంత సమాచారాన్ని హార్డ్ డిస్కులోకి తోసి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకోవాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్ అయితే సెకనులో కోటో వంతులో జవాబిస్తుంది. మధ్యలో తేడా దాదాపు లక్ష రెట్లు. మౌస్ నొక్కి టీ తాగి వచ్చేంత ఆలస్యమంతా ఆ రాకపోకలదే.

దానికితోడు అందులో ఉన్న విండోస్ 7కు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. తలుపు గడియ సరిగా పడని ఇల్లులాంటిది. నెట్‌కు తగిలించడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే విండోస్‌కు బదులు లినక్స్. అది పుట్టిందే ఒక ఇంటి కంప్యూటర్ కోసం. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, తన 386 కంప్యూటర్ కోసం రాసుకుంటున్న వ్యవస్థ గురించి 1991 ఆగస్టు 25న ప్రకటించాడు. 1983లోనే రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనే లైసెన్సు కిందికి లినక్స్ 1992లో వచ్చింది. 1993లో ఇయాన్ మర్డాక్ లినక్స్ ఆధారంగా డెబియన్ అనే వ్యవస్థను మొదలుపెట్టాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి ఆ పేరు పెట్టాడు. లినక్స్ కూడా పాతవాటిని ఎల్లకాలం మోయదు. తాను పుట్టిన 386 చిప్‌నే 2012 డిసెంబరులో వదిలేసింది. మా ఈ7500 64 బిట్ల రకం కాబట్టి దానికింకా చోటుంది.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి డెబియన్ 12 లైవ్ ఎక్కించుకుని వెళ్లాను, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరతో. లైవ్ అంటే హార్డ్ డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచి, ర్యామ్‌లో నడవడం. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవ్ లాగేయడమే. పాత ఫొటోలు ఎక్కడివక్కడే. రెండు నిమిషాలకు పైనే పట్టింది గానీ తెర వచ్చింది. ఫోన్‌ను కేబుల్‌తో తగిలిస్తే నెట్ కూడా వచ్చింది. అయినా వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. వాటి భద్రతా పత్రాలకు గడువు తేదీతో పాటు మొదలయ్యే తేదీ కూడా ఉంటుంది. గడియారం వెనకబడిన యంత్రానికి అవన్నీ ఇంకా పుట్టని పత్రాలు! తేదీ సరిచేశాక తెరుచుకున్నాయి.

తెలుగు వస్తుందా అన్నది పిల్ల ప్రశ్న. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు డెబియన్ ఆధారంగానే తెలుగు లినక్స్‌ను, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛను తయారుచేశారు. వాళ్ల పేరునే టైపు చేయించాను. 'స్వేచ్ఛ' కంటికి రెండక్షరాలు. యంత్రానికి యూనికోడ్‌లో ఏడు సంకేతాలు: స, పొల్లు, వ, ఏత్వం, చ, పొల్లు, ఛ. వాటిని పేర్చి వత్తులను కిందికి దించే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. అక్షరాల ఆకారం మాత్రం ఫాంటుది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన రెండు ఫాంట్లు డెబియన్ భాండాగారంలో ఉన్నాయి, పోతన2000, వేమన2000. దించుకున్నాం.

జాబితాలో పేరు చూసి పిల్ల ఆగింది. "పోతన అంటే మన బమ్మెర పోతననేనా మామా?"

అవును, పాలకుర్తి దగ్గరి బమ్మెర, మన జిల్లానే అన్నాను. అక్క వంటింట్లోంచి వచ్చి చూసింది. పిల్ల 'బచ్చన్నపేట' అని కొట్టింది. చ కింద చ వత్తు, న కింద న వత్తు సరిగ్గా కూర్చున్నాయి.

అన్నీ కుదిరాయని చెప్పను. వీడియోలు 480పీ నాణ్యత దాటితే తడబడ్డాయి. కొత్త వీడియో పద్ధతులను విప్పే సర్క్యూటు ఆ బోర్డులో లేదు. బ్రౌజర్‌లో నాలుగు కిటికీలకు మించితే ర్యామ్ నిండిపోతోంది. ఇంకో 2 జీబీ పాత ర్యామ్ దొరికితే తేవాలి. పాఠాలు చదవడానికీ, రాయడానికీ, లెక్కల పట్టికలకూ లోటేమీ లేదు.

"ఇదే ఉంచు మామా" అంది. పాత ఫొటోలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ చేశాను. మరునాడు జనగామ నుంచి బ్యాటరీ బిళ్ల తెప్పించి వేశాను. రాత్రి ప్లగ్గు పీకేసి, పొద్దున మళ్లీ పెట్టి చూశాం. గంట, నిమిషం, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.