పాత కారుకు అదనపు దీపాలు... డైనమో మోయగలిగినంతే!

నరసరావుపేట: పల్నాటి రహదారులపై రాత్రి ప్రయాణం ఎంత కష్టమో వాహనదారులకు తెలియనిది కాదు. మిరప, పత్తి కోతల కాలంలో వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు ఎదురవుతుంటాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి పరిసరాల్లో సున్నం, సిమెంటు ధూళి దీపాల అద్దాలపై పేరుకుని ఉన్న వెలుగును కూడా హరిస్తుంది. ఇలాంటి దారుల్లో పాత అంబాసిడర్లు, పద్మినులు, జీపులు నడిపేవారు ముందు బంపరుకు మరో రెండు దీపాలు బిగించుకోవాలని భావించడం సహజం. అయితే నాలుగైదు దశాబ్దాల కిందటి విద్యుత్ వ్యవస్థపై లెక్క లేకుండా భారం మోపితే నడిరోడ్డుపై బండి ఆగిపోవచ్చు. తీగలు కాలి మంటలు చెలరేగే ప్రమాదమూ ఉంది.

ప్రభ నేర్పే పాఠం

మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలే విద్యుత్ ప్రభలను చూసినవారికి ఈ విషయం సులువుగా బోధపడుతుంది. ప్రభకు ఎన్ని దీపాలు కట్టాలన్నది దాని ఎత్తును బట్టి కాక, వెంట నడిచే జనరేటరు శక్తిని బట్టి నిర్ణయించాల్సిందే. కారులోనూ అంతే. ఇంజిను తిరిగేటప్పుడు విద్యుత్తును తయారు చేసేది డైనమో లేదా ఆల్టర్నేటర్. బ్యాటరీ దాన్ని నిల్వ చేసుకునే తొట్టి మాత్రమే. తొట్టిలోకి వచ్చేదానికంటే బయటకు పోయేది ఎక్కువైతే అది ఖాళీ కాక తప్పదు.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ తీర్చిదిద్దిన అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. తొలి తరం బండ్లలో ఉన్నది డైనమో. తర్వాతి కాలపు బండ్లలో ఆల్టర్నేటర్ వచ్చింది. ఆనాటి లూకాస్ తరహా డైనమోలు రకాన్ని బట్టి 19 నుంచి 25 ఆంపియర్ల వరకు మాత్రమే ఇవ్వగలవు. అందువల్ల తమ బండిలో ఉన్నది ఏదో ముందుగా బానెట్ ఎత్తి తెలుసుకోవడం తప్పనిసరి.

లెక్క ఇదీ..

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 12 వోల్టుల బండిలో 45 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి ఏడున్నర ఆంపియర్లు కావాలి. వెనుక దీపాలు, పార్కింగ్, నంబరు ప్లేటు, డ్యాష్‌బోర్డు దీపాలకు కలిపి సుమారు మూడు, ఇగ్నిషన్ కాయిల్‌కు మూడున్నర, వాన పడితే వైపరుకు మరో మూడు ఆంపియర్ల చొప్పున వేసుకుంటే మొత్తం 17 ఆంపియర్లవుతుంది. 22 ఆంపియర్ల డైనమోకు ఇది మోయదగిన భారమే.

దీనికి 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు చేర్చితే మరో 9 ఆంపియర్లు పైబడతాయి. మొత్తం 26కు చేరుతుంది. తక్కువ పడిన నాలుగు ఆంపియర్లను బ్యాటరీయే భరించాలి.

అసలు ముప్పు బండి నెమ్మదించినప్పుడు ఎదురవుతుంది. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో నుంచి దాదాపు ఏమీ రాదు. రైల్వే గేటు వద్ద, సంతలో, పెళ్లి ఊరేగింపు వెనుక దీపాలన్నీ వెలిగించి నిలిస్తే మొత్తం భారం బ్యాటరీ మీదే పడుతుంది. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తదైనా ఆ లెక్కన గంట, గంటంపావులో సగం ఖాళీ అవుతుంది. పాతదైతే అంతసేపు కూడా ఆగదు. తర్వాత స్టార్టరు తిరగదు. ఆల్టర్నేటర్ ఉన్న బండ్లు నెమ్మదిగా నడిచినా కొంత విద్యుత్తు ఇస్తాయి కాబట్టి వాటికి ఈ చిక్కు తక్కువ.

డైనమోను మార్చకుండానే వెలుగు కావాలనుకునేవారికి తక్కువ వాట్ల ఎల్ఈడీ దీపాలు మేలైన మార్గం. 20 వాట్లవి రెండు బిగిస్తే పడే అదనపు భారం మూడున్నర ఆంపియర్లకు లోపే. మొత్తం 22 దాటదు.

స్విచ్‌పై భారం వద్దు

అదనపు దీపాల తీగను హెడ్‌లైటు తీగకు చుట్టి వదిలేయడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. ఇది ప్రమాదకరం. పాత స్విచ్‌లోని అరిగిన రాగి రేకులు రెట్టింపు కరెంటును తట్టుకోలేవు. పైగా బ్రిటిష్ నమూనాలో వచ్చిన అనేక పాత కార్లలో హెడ్‌లైట్లకు ఫ్యూజు ఉండదు. తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేదేదీ లేదు.

దీనికి పరిష్కారం రిలే. డ్యాష్‌బోర్డులోని స్విచ్ రిలేను మాత్రమే పలకరిస్తుంది. ఆ పనికి ఆంపియరులో చిన్న భాగం చాలు. దీపాలకు వెళ్లే అసలు కరెంటు రిలే ద్వారా నేరుగా వెళుతుంది. సాధారణ రిలేకు నాలుగు కాళ్లు, వాటిపై అంకెలు ఉంటాయి. 30వ కాలుకు ఫ్యూజు ద్వారా బ్యాటరీ వైపు నుంచి వచ్చే తీగ, 87కు దీపాల తీగ, 86కు స్విచ్ నుంచి వచ్చే తీగ, 85కు ఎర్త్ కలపాలి. 55 వాట్ల దీపాలు రెండింటికి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. విద్యుత్తు తీసుకునే చోటికి జానెడు దూరంలోనే దాన్ని అమర్చాలి. ఫ్యూజు దాకా ఉన్న తీగకు రక్షణ లేదు కనుక ఆ భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

సన్నని తీగతో సగం వెలుగే

తీగ సన్నదైతే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ నాలుగు మీటర్ల పొడవున 9 ఆంపియర్లు మోస్తే అర వోల్టుకు పైగా నష్టపోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం పావు వోల్టుకు మించదు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి 5 శాతం తగ్గితే వెలుగు సుమారు 15 శాతం తగ్గుతుంది. అందుకే ఎక్కువ వాట్ల బల్బు కొనేముందు పాత హెడ్‌లైట్ల తీగలు, ఎర్త్ కలిసే చోట పట్టిన తుప్పు పరిశీలించాలి. తుప్పు గీకి, బోల్టు బిగించగానే పాత దీపాలే ప్రకాశవంతంగా వెలిగిన సందర్భాలు కోకొల్లలు.

రెంటచింతల వంటి చోట్ల వేసవి తాపానికి పాత రబ్బరు, నూలు తొడుగుల తీగలు బీటలు వారతాయి. వాటిని కదిపితే పొట్టు రాలుతుంది. అటువంటి తీగలను మార్చాకే కొత్త దీపాల సంగతి ఆలోచించాలి.

ఎర్త్ ఏ వైపు?

పాత బ్రిటిష్ తరహా బండ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపి ఉంటారు. నేటి బండ్లలో నెగటివ్‌ను కలుపుతారు. హాలోజన్ బల్బుకు ఈ తేడా పట్టదు. ఎల్ఈడీకి మాత్రం తీగలు తారుమారైతే వెలగదు, చెడిపోనూవచ్చు. పాజిటివ్ ఎర్త్ ఉన్న బండికి ఎల్ఈడీ బిగిస్తే దాని లోహపు తొడుగు నెగటివ్ తీగకు కలిసి లేదని నిర్ధారించుకోవాలి. కలిసి ఉంటే బాడీకి తగలగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పని ప్రారంభించేముందు బాడీకి కలిపిన కేబుల్‌నే మొదట విప్పాలి. అది పాజిటివ్ అయినా, నెగటివ్ అయినా ఇదే నియమం.

ఎదుటివారి కళ్లూ ముఖ్యమే

మంచు దీపాలను హెడ్‌లైట్ల కంటే కిందుగా బిగించాలి. మంచులో వెలుగు పైకి పడితే తెల్లని తెర కట్టి మనకే దారి కనిపించదు. 25 అడుగుల దూరంలో గోడకు ఎదురుగా బండి నిలిపి, వెలుగు పై అంచు దీపం మధ్యభాగం ఎత్తు కంటే నాలుగు అంగుళాలు దిగువన ఉండేలా సరిచేసుకోవాలి.

ముందు దీపాల వెలుగు ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మేలా ఉండరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ముందుకు చూపే స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు ప్రత్యేక అనుమతి లేనిదే బిగించరాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. పదిహేనేళ్లు దాటిన కార్లకు ప్రతి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో తనిఖీ ఉంటుందని గుర్తుంచుకోవాలి.

యాభై ఏళ్లు పైబడిన కార్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ విధానం ప్రవేశపెట్టింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఇది వర్తిస్తుంది. కాబట్టి అలాంటి కారు ఉన్నవారు బాడీకి రంధ్రాలు వేయక, బంపరు బోల్టులకే క్లాంపులు బిగించుకోవడం మేలు. ఎప్పుడైనా విప్పితే కారు మునుపటిలాగే ఉంటుంది.

చివరిగా చూసుకోవాల్సినవి

* తీగలు ఇంజిను గోడ దాటే చోట రబ్బరు గ్రామెట్ ఉండాలి. సైలెన్సరు గొట్టానికి దూరంగా క్లిప్పులతో బిగించాలి.

* దీపాలన్నీ వెలిగించి, ఇంజినును కాస్త వేగంగా తిప్పుతూ బ్యాటరీ వద్ద మీటరు పెట్టాలి. 13 వోల్టులకు పైగా చూపితే ఫర్వాలేదు. 12.5 కంటే దిగితే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్లే.

* పావుగంట వెలిగించాక ఫ్యూజు, రిలే, తీగలను చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరి. చేయి కాలితే ఎక్కడో అతుకు వదులుగా ఉన్నట్లు.

* ఎదురుగా వాహనం వస్తే అదనపు దీపాలను వెంటనే ఆర్పివేయాలి. అందుకు వాటికి వేరుగా స్విచ్ ఉండటం అవసరం.