బరాత్ గుర్రం కొంటున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి

రాచర్ల: ఆటోలు వచ్చాక జట్కాకు కిరాయి పోయింది. ఇప్పుడు బండి గుర్రానికి దొరికే పని ఎక్కువగా పెళ్లి బరాతే. రాచర్ల, గిద్దలూరు వైపు గుర్రం కొనాలనుకునే వాళ్లు ధర కన్నా ముందు పోషణ ఖర్చు లెక్కేసుకోవాలి.

ఆదాయం సీజన్‌లోనే, ఖర్చు మాత్రం రోజూ. ముహర్రం, రంజాన్‌లో మన నికాలు తక్కువ. ఆషాఢం, మూఢాల్లో హిందువుల పెళ్లిళ్లు ఉండవు. గుర్రం ఆకలికి సెలవు లేదు కదా. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 6 కిలోల ఎండు మేత, దాణా కావాలి. నీళ్లు 20 లీటర్లకు పైనే, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

గుర్రం వాంతి చేసుకోలేదు. మేత ఒక్కసారిగా మార్చినా, దాణా ఎక్కువ పెట్టినా కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు మార్పించాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరిగా వేయించాలి.

గ్లాండర్స్ సోకితే గుర్రాన్ని చంపేయాల్సిందే. అది మనుషులకూ అంటుతుంది. అందుకే కొనేముందే పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించాలి.

1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు 9 గంటలు, ఏకబిగిన 5 గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైందని హదీసులో ఉంది. పని లేని నెలల్లోనూ మేత పెట్టగలిగితేనే గుర్రం కొనాలి.