మర్యాద అంటే చేతులు కట్టుకోవడం కాదు: దళిత వ్యాపారులు, పరిచయాలు

ధూళిమిట్టలో ఒక దళిత యువకుడు సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే పని పెట్టాడనుకుందాం. షీట్లు, కర్రలు అందరి దగ్గరా ఒకలాంటివే. మరి తేడా ఎక్కడొస్తుంది? మేస్త్రీ ముందుగా ఎవరికి ఫోన్ చేస్తాడు, సిమెంటు షాపాయన ఎవరి పేరు చెప్తాడు, బ్యాంకు మేనేజర్ ఎవరిని కూర్చోబెట్టి మాట్లాడతాడు అన్న దగ్గర వస్తుంది. దీన్నే నెట్‌వర్కింగ్ అంటున్నారు. ఆధిపత్య కులాలకు ఇది చుట్టరికంతోనే వస్తుంది. మనం మాత్రం పని గట్టుకొని సంపాదించుకోవాలి.

దేశంలోని 1000 పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం వచ్చింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాల వాళ్లే, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం మాత్రమే అని అది తేల్చింది. ప్రతిభ పేరుతో చెలామణి అవుతున్న దాంట్లో పరిచయాల వాటా ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వ్యాపార మర్యాదల పుస్తకాలు కళ్లలోకి చూసి మాట్లాడాలని, చెయ్యి కలపాలని, మన పని గురించి ధైర్యంగా చెప్పాలని నేర్పుతాయి. మన తాతలు సరిగ్గా ఆ పనులే చేస్తే ఊరు దాన్ని పొగరు అన్నది. చెప్పులు చేతబట్టుకొని, 'నీ బాంచెన్' అంటేనే మర్యాద అన్నది. అందుకే మన పిల్లలు ఆఫీసు గుమ్మం దగ్గర తటపటాయిస్తే దాన్ని బిడియం అని కొట్టిపారేయలేం. దాని వెనక చరిత్ర ఉంది.

మరి ఏం చేయాలి?

పరిచయాన్ని 'సాయం చేయండి సార్' అని మొదలుపెట్టొద్దు. పేరు, ఊరు, చేసే పని, ఎంత సామాను ఉంది, ఎన్ని రోజుల్లో ఇవ్వగలం అన్నవి చెప్పాలి. అడుక్కోవడానికి కాదు, బేరానికి వచ్చామని ఎదుటివాళ్లకు అర్థం కావాలి.

'ఇంటిపేరేంది?' అని అడిగితే కులం చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. చెప్పడమూ చెప్పకపోవడమూ మన ఇష్టం. 'పని గురించి మాట్లాడుకుందాం' అంటే అది అమర్యాద కాదు.

రేటు కాగితం మీద ఇవ్వాలి. కలిసిన మరునాడే చిన్న మెసేజ్ పెట్టాలి. ఆలస్యమైతే ముందే చెప్పాలి. మన చేతిలో లేని పని వస్తే తెలిసిన ఇంకొకరికి పంపాలి, రేపు వాళ్లూ మనకు పంపుతారు.

వాడ దాటి పరిచయాలు పెంచుకోవాలి. కొత్త సమాచారం దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా వస్తుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే వివరించారు. కారణం తేలికైనదే: మనవాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. అందుకే చేర్యాల, జనగామ, సిద్దిపేటల్లోని షాపులు, జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకులు మన దారిలో ఉండాలి.

మర్యాదకు చట్టం అండ కూడా ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నాటి విధానం చెబుతున్నది. అలాంటి పరిశ్రమలకు 45 రోజులకు మించి బిల్లు ఆపకూడదని 2006 చట్టం చెబుతున్నది. 'బాకీ అడిగితే బాగుండదేమో' అని మొహమాటపడాల్సిన పని లేదు. ఇక దళితుడన్న కారణంతో వ్యాపారం చేయకుండా వెలివేస్తే, బెదిరించినా సరే, 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆర్థిక బహిష్కరణ నేరం.

కలిసికట్టుగా నిలబడటం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి మనవాళ్లను ఒకచోటికి చేర్చారు. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ స్థాపించారు. అయితే పదిమంది వ్యాపారులు పైకి రావడమే కుల నిర్మూలన అని మేం అనుకోవడం లేదు. భూమి, చదువు, ఉద్యోగాల కోసం పోరాటం ఆగకూడదు.

విద్యార్థి మిత్రులు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. మీ ఊర్లో, మీ మండలంలో పని పెట్టుకున్న మనవాళ్ల పేర్లు, పనులు, ఫోన్ నంబర్లు వాళ్లను అడిగి ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరికైనా పని పడితే ముందు ఆ పుస్తకం తెరవండి.