మీకు తెలుసా? తెలుపులో దాక్కునే గడ్డ

రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కణజాలం తెల్లగా కనిపిస్తాయి. చిక్కల్లా క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే ఉండటమే. కొవ్వు ఎక్కువున్న రొమ్ములో అది ఇట్టే దొరుకుతుంది. కణజాలం దట్టంగా ఉంటే మాత్రం సున్నం కొట్టిన గోడ మీద ముగ్గుచుక్కే! ఈ దట్టతనం చేత్తో తడిమితే తెలిసేది కాదు, మామోగ్రామ్‌లోనే బయటపడుతుంది. అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి పరీక్ష చేయించుకున్న ప్రతి మహిళకూ తన రొమ్ము దట్టమో కాదో రాసి ఇచ్చి తీరాలి. గడ్డ ఇలా తెలుపులో దాక్కోగలదు కాబట్టే, రిపోర్టు బాగానే ఉన్నా, చేతికి గడ్డ తగులుతుంటే డాక్టర్లు అంతటితో వదలరు, అల్ట్రాసౌండ్ రాస్తారు. అదీ ఒక్కోసారి ఏ ప్రమాదమూ లేని గడ్డను అనుమానించి సూది పరీక్ష దాకా లాక్కెళ్తుంది.

మరి మామోగ్రామ్ యంత్రమే అందని చోట? ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 1998 నుంచి లక్షన్నర మంది మహిళలను 20 ఏళ్లు గమనించారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, వట్టి చేతులతోనే పరీక్షించారు. 50, ఆపై వయసువారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.